టెట్ తెలుగు: గణాలు, సమాసాలు, అలంకారాలు తలకెక్కేదెట్ల?

డిండివాగు · మంగళవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. డీఎడ్ అయిపోయింది, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) పేపర్ 1 రాయబోతున్న. నల్లగొండల రూము తీసుకొని ముగ్గురం చదువుకుంటున్నం. గణితం, సైకాలజీ ఎట్లనో ముందుకు పోతున్నయి. తెలుగు కాడికి వచ్చేసరికి ఆగిపోతున్న. ఇంట్ల మాట్లాడేది తెలుగే, చదివింది తెలుగు మీడియమే, అయినా భాష 1ల ఉన్న 30 మార్కులు చూస్తేనే భయమైతుంది. అందుల 24 కంటెంటే కదా.

మూడు చోట్ల బాగా తికమక పడుతున్న. ఒకటి గురులఘువులు, గణాలు. రెండోది ఛేకానుప్రాస, లాటానుప్రాస, యమకం. మూడోది రూపక సమాసం, రూపకాలంకారం. ఇవి రెండూ ఒకటేనా, వేరువేరా? కోచింగులో ఇచ్చిన నోట్సుల నిర్వచనాలున్నయి గాని, ఉదాహరణ మారిస్తే గుర్తుపట్టలేకపోతున్న. తెలిసినోళ్లు కొంచెం విడమరిచి చెప్పుండ్రి.

నీలగిరి_బీఈడీ · మంగళవారం రాత్రి 9:58

చెల్లే, వృత్తాలకు గణాల (గురులఘువుల గుంపుల) పేర్లతో కోడ్ పట్టు. ఉత్పలమాల భరనభభరవ, చంపకమాల నజభజజజర, శార్దూలం మసజసతతగ, మత్తేభం సభరనమయవ. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు, వరుసగా 10, 11, 13, 14వ అక్షరాలు. పొద్దున ఐదుసార్లు, రాత్రి ఐదుసార్లు రాయి. అర్థమయ్యేదాకా ఆగితే సిలబస్ ఒడవదు. నేను ఇట్లనే గట్టెక్కిన.

పాలమూరు ఒజ్జ · మంగళవారం రాత్రి 10:25

నేను ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరైన. నీలగిరి తమ్ముడు చెప్పిన కోడ్ తప్పు కాదు, ఒక్క అక్షరం కూడా పొల్లుపోలేదు. అయితే ఈ అమ్మాయి రేపు బడిల పిల్లలకు చెప్పాలె. కోడ్ పరీక్షను దాటిస్తుంది. ఏడో తరగతి పిల్ల లేచి "సార్, ఇది గురువెట్ల అయింది?" అని అడిగితే అక్కడ కోడ్ నోరు విప్పదు.

తల్లీ, ముందు పుస్తకం మూసి, మన ఊర్ల పేర్లు బయటికి చదువు. రెప్పపాటులో పలికితే లఘువు, దానికి రెట్టింపు సేపు పడితే గురువు. బల్ల మీద వేలితో కొట్టు. లఘువుకు ఒక దెబ్బ, గురువుకు దెబ్బ కొట్టి ఒక్క క్షణం ఆపాలె.

నల్లగొండ. "నల్" దగ్గర నాలుక ఆగుతుంది, గురువు. "ల" లఘువు. "గొం" సున్నతో ఉంది, గురువు. "డ" లఘువు. గురువుకు గ, లఘువుకు ల అని రాసుకుంటే "గలగల" అయింది.

ఇప్పుడు పాలమూరు, అంటే మన మహబూబ్‌నగర్. పా గురువు, ల లఘువు, మూ గురువు, రు లఘువు. ఇదీ గలగలే. మన రెండు జిల్లాల పేర్లు ఒక్కటే నడక నడుస్తయి. "గల" జంటకు హగణం అని పేరు, దాన్నే గలం అని కూడా అంటరు. అది సూర్యగణం. రెండో సూర్యగణం నగణం, అంటే మూడూ లఘువులే. సూర్యగణాలు ఈ రెండే.

చానమంది తప్పు చేసే చోటు ఒకటుంది. ఒత్తు ఉన్నంత మాత్రాన ఆ అక్షరం గురువు కాదు, దాని ముందున్న అక్షరం గురువు. "నల్ల" అన్నప్పుడు బరువు "న" మీద పడుతుంది, "ల్ల" మీద కాదు. నలభై మంది ఉన్న క్లాసుల ముప్పై మంది "ల్ల" కింద గురువు గుర్తు పెడతరు, కండ్లకు అది బరువుగ కనిపిస్తది కనుక. చెవిని అడిగితే ఈ తప్పు జరగదు.

గద్వాల, వనపర్తి, జడ్చర్ల, మునుగోడు, ఆలేరు. ఈ ఐదు చేసి పెట్టు, రేపు చూస్త.

డిండివాగు · బుధవారం ఉదయం 6:15

సార్, పొద్దున్నే లేచి రాసిన.

గద్వాల: గగల
వనపర్తి: లలగల
జడ్చర్ల: గగల
మునుగోడు: లలగల
ఆలేరు: గగల

సరిగ్గనే ఉన్నయా? పాత బిట్ ఒకటి కూడా అడగాలె. "అమృతం" నేను గలగ పెట్టిన, జవాబుల కీల లలగ ఉంది. మృ కింద ఒత్తు లెక్క ఉంది కదా, మరి దాని ముందున్న "అ" గురువు ఎందుకు కాలే?

పాలమూరు ఒజ్జ · బుధవారం ఉదయం 7:02

ఐదూ సరైనవే. గగల అంటే తగణం, లలగల అంటే సలం. రెండూ ఇంద్రగణాలే. ఇంద్రగణాలు మొత్తం ఆరు: నలం, నగం, సలం, భగణం, రగణం, తగణం. నీకు తెల్వకుండనే రెండు పట్టేసినవు.

అమృతం సంగతి. నువ్వు ఒత్తు అనుకుంటున్నది ఒత్తు కాదు, వట్రుసుడి. మృ అంటే మ్ అనే హల్లు, ఋ అనే అచ్చు. ఒక హల్లుకు అచ్చు చేరితే అది మామూలు గుణింతమే, మి, ము ఎట్లనో మృ అట్లనే. రెండు హల్లులు కలిస్తేనే సంయుక్తాక్షరం. "విక్రమ" తీసుకో. క్, ర్ అని రెండు హల్లులున్నయి, అందుకే ముందున్న "వి" గురువైంది. క్రావడికి, వట్రుసుడికి తేడా చూసుకో.

సాగర్ ఎడమకాలువ · బుధవారం మధ్యాహ్నం 1:30

నీలగిరి అన్న రాసిన నాలుగు కోడ్ల గురించి ఒకటి చెప్త. ఇంటర్ల మా తెలుగు మేడం బోర్డు మీద చూపించింది, అప్పటినుంచి నేను బట్టీ పట్టుడు మానేసిన.

ఉత్పలమాల పాదాన్ని గ, ల గుర్తులతో పూర్తిగ రాయుండ్రి:
గలలగలగలలలగలలగలలగలగలగ

మొదట్ల ఉన్న ఒక్క గురువును తీసి అక్కడ రెండు లఘువులు పెట్టుండ్రి:
లలలలగలగలలలగలలగలలగలగలగ

ఇప్పుడు మూడు మూడు అక్షరాలుగ విడగొట్టండి. నజభజజజర, అంటే చంపకమాల! ఒక గురువు పలికేంత సేపు రెండు లఘువులు పలుకుతయి కనుక నడక చెడిపోదు. ఒక అక్షరం పెరిగింది కాబట్టి 20 పోయి 21 అయింది, యతి 10 నుంచి 11కు జరిగింది.

శార్దూలం, మత్తేభం జంట కూడా ఇంతే. శార్దూలం మొదటి గురువును రెండు లఘువులు చేస్తే మత్తేభం వస్తది. 19 అక్షరాలు 20 అయితయి, యతి 13 నుంచి 14కు పోతది. అంటే గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగు కాదు, రెండే.

నీలగిరి_బీఈడీ · బుధవారం మధ్యాహ్నం 1:52

అన్నా, పెన్ను పట్టుకొని రెండు జంటలూ చేసి చూసిన. నిజమే. ఇన్నేండ్ల నుంచి 10, 11, 13, 14 అని వల్లెవేసిన గాని ఆ ఒక్క అంకె ఎందుకు జరుగుతదో నాకు ఎవ్వరూ చెప్పలే.

నల్లమల · బుధవారం సాయంత్రం 5:20

నాది అచ్చంపేట. చెల్లె రెండో ప్రశ్న నేను తీసుకుంట. శబ్దాలంకారాలు వచ్చినప్పుడు నన్ను నేను రెండు ప్రశ్నలు అడుగుకుంట: మళ్లీ వచ్చింది ఏంది? అర్థం మారిందా లేదా?

"చెరువు చెంత చింతచెట్టు చిగురు చూసి" అన్నప్పుడు ఒక్కటే హల్లు, చకారం, మళ్లీ మళ్లీ వచ్చింది. ఇది వృత్త్యనుప్రాస. ఇక్కడ అర్థంతో పనే లేదు.

"మేకల మంద మందంగా కదిలింది." హల్లుల జంట వెంటవెంటనే వచ్చింది. మొదటి మంద అంటే గుంపు, రెండోది మెల్లగా అని. అర్థం మారింది, మధ్యల ఎడం లేదు. ఇది ఛేకానుప్రాస.

"పాలేరు ఒడ్డున పశువులు కాసే పాలేరు." మొదటిది మన సూర్యాపేట వైపు నుంచి పోయి కృష్ణల కలిసే ఏరు. రెండోది జీతానికి ఉన్న మనిషి. అదే అక్షరాల గుంపు వేరే అర్థంతో వచ్చింది. ఇది యమకం.

"ఆకలి తీర్చిన చేతులే చేతులు." రెండు చోట్లా చేతులకు అర్థం ఒకటే. కాని రెండోసారి అన్నప్పుడు "అవే అసలైన చేతులు" అన్న భావం వస్తుంది. అర్థం మారలే, తాత్పర్యం మారింది. ఇది లాటానుప్రాస.

మా అవ్వ "కరువుల నిలిచిన సుట్టమే సుట్టం" అంటుండె. ఆమెకు చదువు రాదు. నేను లాటానుప్రాస చదివిన రోజు ఆ మాటే మతికొచ్చింది, అటెన్క ఎన్నడూ మరవలే.

డిండివాగు · బుధవారం రాత్రి 8:45

అన్నా, మీ అవ్వ మాట నా నోట్సుల మొదటి పేజీల రాసుకున్న. మా రూముల ఇంకో ఇద్దరికి కూడా చదివి వినిపించిన.

ఎస్జీటీ_2008 · బుధవారం రాత్రి 9:30

నేను సర్వీసులో ఉన్న టీచర్‌ని, నల్లగొండ జిల్లా పల్లెలో పనిచేస్తున్నాను. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక నేనూ మళ్లీ పుస్తకం పట్టాను. టెట్ మీ ఒక్కరికే కాదమ్మా, ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన మాకూ తప్పలేదు. మూడో ప్రశ్నకు నా క్లాసులో జరిగింది చెప్తాను.

ఆ రోజు బోర్డు మీద "కరువు" అని ఒక్క మాటే రాశాను. మా దగ్గర పిల్లలకు ఆ మాట విప్పి చెప్పనక్కరలేదు. కరువు దేనిలా ఉంటుందని అడిగితే వెనక బెంచీ పిల్లవాడు "రాక్షసి లెక్క ఉంటది టీచర్" అన్నాడు. ఆ ఒక్క మాటను పట్టుకొని గంటంతా నడిపాను.

"కరువు రాక్షసి లెక్క ఊరిని మింగింది" అంటే ఉపమ. దానిలో నాలుగు అంగాలూ ఉన్నాయి. ఉపమేయం కరువు, ఉపమానం రాక్షసి, సమానధర్మం మింగడం, ఉపమావాచకం "లెక్క". పుస్తకంలో "వలె" ఉంటుంది, పిల్లవాడి నోట్లో "లెక్క" ఉంటుంది. చేసే పని రెంటిదీ ఒకటే.

"ఎండిన చెరువును చూస్తే కరువు నోరు తెరిచిందేమో అనిపించింది." ఇది ఊహ. ఉత్ప్రేక్ష.

"కరువు రాక్షసి ఊరిని మింగింది." పోలిక మాట ఎగిరిపోయింది. కరువే రాక్షసి అయిపోయింది, రెంటికీ భేదం లేదు. ఇది రూపకాలంకారం.

ఇప్పుడు మీ ప్రశ్న. ఆ వాక్యం నుంచి "కరువు రాక్షసి" అన్న రెండు పదాలనే బయటికి తీసి, వాటిమధ్య సంబంధం ఏమిటని అడిగితే "కరువు అనెడు రాక్షసి" అని విగ్రహవాక్యం (సమాసాన్ని విప్పి చెప్పే మాట) చెప్తాం. అది రూపక సమాసం. అంటే సమాసం రెండు పదాల మధ్య కుదిరే సంబంధానికి పేరు, అలంకారం వాక్యంలో భావం చెప్పిన తీరుకు పేరు. ఒకే చోట రెండూ ఉండొచ్చు. ప్రశ్నలో ఏది అడిగారో చూసి జవాబు పెట్టాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. "ముఖపద్మం" ఇచ్చి ఏ సమాసం అంటే విగ్రహవాక్యం చూడండి. "పద్మము వంటి ముఖము" అని ఇస్తే ఉపమాన ఉత్తరపద కర్మధారయం. "ముఖమనెడు పద్మము" అని ఇస్తే రూపకం. పదం మారలేదు, విప్పిన తీరు మారింది.

సాగర్ ఎడమకాలువ · బుధవారం రాత్రి 9:51

సమాసాల మాట వచ్చింది కనుక: నల్లగొండ పాత పేరు నీలగిరి. నల్లనైన కొండ, నీలమైన గిరి. రెండూ విశేషణ పూర్వపద కర్మధారయాలే. నీలగిరిల రెండూ సంస్కృత పదాలు, అది సాంస్కృతిక సమాసం. నల్లగొండల రెండూ తెలుగు పదాలు, అది ఆచ్ఛికం. "కృష్ణ ఒడ్డు" అంటే ఒకటి సంస్కృతం, ఒకటి తెలుగు, కనుక మిశ్రం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి "పిల్లల యొక్క మర్రి", షష్ఠీ తత్పురుషం.

సంధికి నల్లగొండ పక్కనున్న పానగల్లు పోదాం. ఛాయా సోమేశ్వరాలయం. సోమ + ఈశ్వర దగ్గర గుణసంధి, ఈశ్వర + ఆలయం దగ్గర సవర్ణదీర్ఘసంధి. ఒక్క గుడి పేరుల రెండు సంధులున్నయి.

డిండివాగు · గురువారం ఉదయం 6:30

ఇంకోటి అడగాలె, ఇది కొంచెం మనసుకు పట్టింది. మా నోట్సుల తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు రకాలు రాసి, గ్రామ్యానికి ఉదాహరణలుగ "వస్తుండు, పోతున్న, ఓలె" అని ఇచ్చిండ్రు. అవన్నీ మా ఇంట్ల మాటలే. క్లాసుల అది చదువుతుంటే తప్పు మాట్లాడుతున్నట్టు తల దించుకున్న. నిజంగనే ఇవి తప్పులా?

పాలమూరు ఒజ్జ · గురువారం ఉదయం 8:10

తల ఎత్తుకో తల్లీ.

వ్యాకరణ లక్షణానికి లొంగని మాట గ్రామ్యం. బాలవ్యాకరణంల చిన్నయసూరి చెప్పింది ఇదే, పరీక్షల ఇదే పెట్టు. కాని ఆయన లక్షణం రాసింది కావ్యభాషకు. ఆ కొలత తీసుకుంటే "వచ్చుచున్నాడు" సాధువు. పేపర్లల్ల, టీవీలల్ల వచ్చే "వస్తున్నాడు" కూడా ఆ కొలతకు నిలవదు. నీ "వస్తుండు" ఎంత గ్రామ్యమో వాళ్ల "వస్తున్నాడు" అంతే గ్రామ్యం. ఒకదాన్ని ఒప్పు అని, ఇంకోదాన్ని తప్పు అని నీ ముందల పెట్టినోళ్లకు ఆ సూత్రం సరిగ్గ తెల్వదు.

"ఓలె" అయితే అసలే కాదు. "వోలె" అని పాత కావ్యాల నిండా ఉంది. కావ్యాలల్ల నిలిచిన ఆ మాటను మన పల్లెలు నోట్లె నిలుపుకున్నయి.

పాత సంగతి ఒకటి చెప్త. తెలంగాణల కవులే లేరని ఒకప్పుడు ఒక మాట వచ్చింది. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి దానికి వాదనతో జవాబు చెప్పలే, 1934ల గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. అందుల 354 మంది కవులు. "సంకలనం అంటే ఏమిటి" అని ఎవరడిగినా నాకు మొదట మతికొచ్చేది ఆ పుస్తకమే. వేరువేరు కవుల రచనలు ఏరి, ఒక్కచోట కూర్చేదే సంకలనం.

ఇగ తద్భవం దగ్గర నా పేరు చూడు. ఉపాధ్యాయుడు ప్రకృతి (సంస్కృత మూలం), ఒజ్జ వికృతి (దాని నుంచి పుట్టిన తద్భవం). యాత్ర ప్రకృతి, జాతర వికృతి. పెద్దగట్టు జాతరకు పోయినోళ్లెవ్వరూ తప్పు మాట పలుకుతున్నమని అనుకోరు.

నల్లమల · గురువారం ఉదయం 8:32

సార్, ఈ మాట మా బ్యాచ్ గ్రూపుల పెడుతున్న.

ఎస్జీటీ_2008 · గురువారం మధ్యాహ్నం 12:50

మధ్యాహ్న భోజనం విరామంలో రాస్తున్నాను. సాహిత్య ప్రక్రియల దగ్గర ఎక్కువ సమయం పెట్టకండి. శతకం అంటే నూరు లేదా నూట ఎనిమిది పద్యాలు, చివర మకుటం. ఏ పద్యానికి ఆ పద్యమే పూర్తి అర్థం ఇస్తే అది ముక్తకం. ఇతిహాసం అంటే "ఇట్లు జరిగింది" అని. పురాణానికి ఐదు లక్షణాలు: సర్గ, ప్రతిసర్గ, వంశం, మన్వంతరం, వంశానుచరితం. పాఠ్యపుస్తకంలో పాఠ్యభాగ వివరాలు, "భాషను గురించి తెలుసుకుందాం" ఏ తరగతిదీ వదలకుండా చదవండి.

పాలమూరు ఒజ్జ · గురువారం సాయంత్రం 6:05

డిండివాగూ, నిన్న నువ్వు గణాలు కట్టిన ఊర్లతోని ఒక పాదం అల్లిన:

నాకు గద్వాల వనపర్తి నల్లగొండ

నాకు (గల), గద్వాల (గగల), వనపర్తి (లలగల), నల్ల (గల), గొండ (గల). ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. ఇది తేటగీతి. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. పాదం మొదట్ల "నా", నాలుగో గణం మొదట్ల "న". యతి కుదిరింది. తేటగీతికి ప్రాస నియమం లేదు. తర్వాతి పాదాలు మీరు అల్లుండ్రి.

సాగర్ ఎడమకాలువ · గురువారం సాయంత్రం 7:18

పాలమూరంత నడిచిన పల్లె పల్లె

పాల, మూరంత, నడిచిన, పల్లె, పల్లె. పా, ప యతి. నడిచిన నాలుగూ లఘువులు, నలం. సరేనా సార్?

పాలమూరు ఒజ్జ · గురువారం సాయంత్రం 7:25

సరే అంటే సరే. భావం కూడా ముందుకు నడిచింది.

డిండివాగు · గురువారం రాత్రి 9:10

నేను రెండు గంటలు కూర్చున్న సార్. మూడో పాదం:

అమ్మ లెక్కన పిలిచిన కమ్మనైన

నీలగిరి_బీఈడీ · గురువారం రాత్రి 9:16

గణాలు బాగనే పడ్డయి చెల్లే, యతి తప్పింది. మొదట్ల "అ" ఉంది, నాలుగో గణం "క"తోని మొదలైంది. అచ్చుకు, కకారానికి యతి చెల్లదు.

పాలమూరు ఒజ్జ · గురువారం రాత్రి 9:33

తప్పలేదు తమ్ముడూ. మొదటి అక్షరం వదిలి రెండో అక్షరం చూడు. అమ్మ, కమ్మ. రెండింటిలనూ మకార ద్విత్వం, రెండింటి ముందూ గురువే. యతి బదులు ఇట్ల ప్రాస కుదిరితే దాన్ని ప్రాసయతి అంటరు. తేటగీతి, ఆటవెలది, సీసం లాంటి వాటిల చెల్లుతది. వృత్తాలల్ల, కందంల చెల్లదు. నేను ఇంకా ప్రాసయతి పాఠమే చెప్పలే, ఈ బిడ్డకు చెవి ముందే చెప్పింది.

నీలగిరి_బీఈడీ · గురువారం రాత్రి 9:40

ప్రాసయతి నిర్వచనం నాకు కంఠతా వచ్చు సార్. ఎదురుంగ ఉంటే గుర్తుపట్టలే. రేపటినుంచి నేను కూడా బయటికి చదువుత.

డిండివాగు · శుక్రవారం ఉదయం 5:50

నాలుగో పాదం దొరికింది. మొత్తం పెడుతున్న.

నాకు గద్వాల వనపర్తి నల్లగొండ
పాలమూరంత నడిచిన పల్లె పల్లె
అమ్మ లెక్కన పిలిచిన కమ్మనైన
మాట మా యాస గాదె నా మనసులోన

మాట (గల), మా యాస (గగల), గాదె నా (గలగ), మనసు (లలల), లోన (గల). "గాదె నా" రగణం, "మనసు" నగణం, అది కూడా సూర్యగణమే. మా, మ యతి.

పాలమూరు ఒజ్జ · శుక్రవారం ఉదయం 6:20

నాలుగు పాదాలూ నిలిచినయి. "పిలిచిన" తర్వాత ఒక్క క్షణం ఆగి చదువు, ఇంకా బాగుంటది.

డిండివాగు · శుక్రవారం రాత్రి 8:05

సార్, ఇయ్యాల ఇంటికొచ్చిన. అమ్మ రొట్టెలు చేస్తుంటే పొయ్యి కాడ కూర్చుండి పద్యం చదివి వినిపించిన. అంతా విని "అన్ని ఊర్లు రాసినవు, మన దేవరకొండ ఏది బిడ్డా?" అన్నది. అప్పటినుంచి పిండి డబ్బా మీద వేలుతో కొట్టుకుంట కూర్చున్న. దేవర (గలల) భగణం, కొండ (గల) హగణం. యతి "కొ" మీద పడుతది కనుక పాదం కకారంతోనే మొదలుకావాలె. గద్వాలల కోట ఉంది, మా దగ్గరా కోట ఉంది.

కోట గద్వాల దేవరకొండ కోట

కో, కొ యతి చెల్లుతదా సార్?

పాలమూరు ఒజ్జ · శుక్రవారం రాత్రి 8:11

చెల్లుతది. ఒ, ఓ ఒక్క జట్టే. అమ్మకు ఈ పాదం వినిపించు.